అడ్డపొగ: 10,169 నోళ్ళు

1971లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్'లో ఒక పరిశోధనా పత్రం అచ్చయింది. దాని పేరులోనే ఒక అంకె ఉంది: 10,169. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, పదిహేనేళ్ళు దాటిన అంతమంది చేత నోరు తెరిపించి, అంగిలి ఎలా ఉందో చూసి రాసుకున్నారు. వాళ్ళలో 43.8 శాతం మంది చుట్టని తిరగేసి, అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతున్నారు. వాళ్ళలోనూ ఆడవాళ్ళే ఎక్కువ.

ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అడ్డపొగ అంటే చాలు. మిగతావాళ్ళకి మాత్రం మొదటిసారి వింటే నమ్మబుద్ధి కాదు. నిప్పు నోట్లో పెట్టుకుంటే కాలదా? అలవాటైన వాళ్ళకి కాలదు. పెదాలు తడిగా ఉంచి, చుట్టని వాటి మధ్య మెల్లగా పట్టుకుంటారు, పళ్ళతో కొరకరు. తడి వల్ల చుట్ట నెమ్మదిగా కాలుతుంది. మామూలుగా రెండు నిమిషాల్లో అయిపోయే చుట్ట ఇలా తాగితే పద్దెనిమిది నిమిషాల దాకా వస్తుందని ఈ అలవాటు మీద రాసినవాళ్ళు లెక్కగట్టారు. రోజుకి ఒకటో రెండో చాలు. లోపల వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుందని కూడా కొలిచారు. ఆ వేడీ, పొగా, బూడిదా అన్నీ తగిలేది ఒక్క చోటే, అంగిలికి.

ఎందుకలా తాగుతారు అని అడిగితే వచ్చిన సమాధానాలు నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైనవి. గాలికి నిప్పు ఆరిపోదు. బట్టలు ఉతుకుతున్నప్పుడు, పడవ మీద ఉన్నప్పుడు నీళ్ళు పడి చుట్ట తడవదు. చంకలో బిడ్డ ఉంటే బూడిద బిడ్డ మీద పడదు. మా అమ్మ ఇలాగే తాగేది. 'మూఢ అలవాటు' అని పత్రికల్లో ఒక్క మాటలో తేల్చేసే చోట నాకు కనిపించేది ఇంజనీరింగ్. రెండు చేతులకీ పనుండి, గాలి వీచే చోట బతికే మనిషి, చేతిలో ఉన్న వస్తువుని తన పనికి తగ్గట్టు మార్చుకుంది. ఆ మార్పుకి చెల్లించాల్సిన ధర ముప్పై నలభై ఏళ్ళ తర్వాత గానీ తెలియదు. తెలిసేసరికి ఆమె కూతురు కూడా నేర్చుకుని ఉంటుంది.

మన సాహిత్యంలో చుట్టకి లోటు లేదు. కన్యాశుల్కంలో గిరీశం చుట్ట లేకుండా ఊహించలేం. పొగ తాగడాన్ని సమర్థిస్తూ వాడు చదివే పద్యం నాటకం చదవనివాళ్ళకి కూడా నోటికొచ్చు. కానీ అది మగవాడి చుట్ట, షోకు చుట్ట, నిప్పు బయటికి కనిపించేలా తాగే చుట్ట. అదే విజయనగరం చుట్టుపక్కల, అదే గాలిలో, నిప్పు లోపల పెట్టుకుని పనిచేసుకున్న ఆడవాళ్ళ చుట్ట మన పుస్తకాల్లోకి అంత ధీమాగా రాలేదు. అది ఎక్కువగా వచ్చింది వైద్య పత్రికల్లోకి, అదీ ఇంగ్లీషులో.

అక్కడికి ఎలా వచ్చిందో చూద్దాం. 1937లోనే విశాఖ నుంచి కిని, సుబ్బారావు అనే ఇద్దరు డాక్టర్లు 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో కేన్సర్ సమస్య గురించి రాశారు. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ నుంచి ఖనోల్కర్, సూర్యాబాయి కలిసి ఒక వ్యాసం రాశారు. అలవాట్ల వల్ల వచ్చే, అప్పటిదాకా వేరుగా గుర్తించని మూడు రకాల కేన్సర్లు భారతదేశంలో ఉన్నాయని దాని సారాంశం. పంచె బిగించి కట్టుకునే చోట నడుం మీద వచ్చేది ఒకటి, ఖైనీ పెట్టుకునే చోట పెదవి మీద వచ్చేది ఒకటి, తిరగేసిన చుట్ట వల్ల అంగిలికి వచ్చేది ఒకటి. మూడిట్లోనూ ఉన్నది ఒకటే తర్కం. పుండు ఎక్కడ ఉందో చూడు, అక్కడ రోజూ ఏది తగులుతోందో చూడు. ఆ తర్వాత 1957లో డి. గోవిందరెడ్డి, వి. కామేశ్వరరావు 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్'లో కోస్తా ఆంధ్రలో అంగిలి కేన్సర్ గురించి రాసిన పత్రం శీర్షికలోనే కారణం చెప్పేశారు: నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం వల్ల, అని.

ఈ 1957 అన్న సంవత్సరాన్ని కాస్త పక్కన పెట్టి చూడాలి. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ సంబంధం ఉందని ఇంగ్లండ్‌లో డాల్, హిల్ రాసింది 1950లో. 1951లో వాళ్ళు బ్రిటిష్ డాక్టర్లందరికీ ఉత్తరాలు రాసి, మీరెంత తాగుతారు అని అడిగారు. దాదాపు నలభై వేలమంది జవాబిచ్చారు. ఎపిడెమియాలజీ పాఠ్యపుస్తకాల్లో అది పెద్ద అధ్యాయం. జవాబిచ్చినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, పోస్టులో తిరిగి రాయగలిగినవాళ్ళు, అత్యధికులు మగవాళ్ళు. ఆడ డాక్టర్లు ఆరువేల పైచిలుకే ఉండడంతో ముఖ్యమైన నివేదికలన్నీ మగవాళ్ళ గురించే వచ్చాయి. సరిగ్గా ఆ దశాబ్దంలోనే పొగాకు వల్ల ఆడవాళ్ళకి వచ్చే కేన్సర్ గురించి విశాఖ వైపు డాక్టర్లకి తెలుసు. వాళ్ళ దగ్గర లేనిది లెక్క. ఆసుపత్రికి వచ్చిన రోగులు తెలుసు గానీ, ఊళ్ళో ఎంతమంది తాగుతున్నారో, వాళ్ళలో ఎంతమందికి రాలేదో తెలియదు. హారం లేని భిన్నం లాంటిదన్నమాట. ఆసుపత్రిలో కూర్చుంటే లవం మాత్రమే కనిపిస్తుంది. హారం కావాలంటే ఊళ్ళోకి నడవాలి.

నడిచింది బొంబాయి వాళ్ళు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అనగానే మనకి హోమీ భాభా, అణువులు గుర్తొస్తాయి. అక్కడే బేసిక్ డెంటల్ రీసెర్చ్ యూనిట్ అని ఒకటి ఉండేదని, దాన్ని ఫలి మెహతా అనే దంతవైద్యుడు నడిపాడని చాలామందికి తెలియదు. ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళలో ఒకరు కోపెన్‌హాగెన్ దంతవైద్య కళాశాల ప్రొఫెసర్ యెన్స్ పిండ్‌బోర్గ్, ఇంకొకరు గణాంకాలు చూసే ప్రకాశ్ గుప్తా. వీళ్ళ బృందం ఐదు జిల్లాలు ఎంచుకుంది: కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, బీహారు నుంచి సింగ్‌భూమ్, దర్భంగా, ఆంధ్ర నుంచి శ్రీకాకుళం. ఒక్కో చోట సుమారు పదివేలమంది. మొత్తం 50,915 మంది. 1969లో 'కేన్సర్' పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. శ్రీకాకుళం నోళ్ళు మాత్రం మిగతా వాటిలా లేవు కాబట్టి వాటి మీద విడిగా రాయాల్సి వచ్చింది. అదే 1971 నాటి పత్రం.

శ్రీకాకుళం, 1960ల చివర. మనలాంటి పాఠకులకి ఆ రెండు మాటలూ పక్కపక్కన కనబడితే ఇంకో చరిత్ర గుర్తొస్తుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పులు, ఆ తర్వాత ఏజెన్సీలో జరిగినవన్నీ. ఆ జిల్లా గురించి అప్పుడు రాసిన కవిత్వం, కథలు మనం చదువుతూనే ఉన్నాం. అవే రోజుల్లో అదే జిల్లాలో ఇంకొంతమంది చేతిలో నోరు చూసే అద్దం, టార్చి, ఫారాలు పట్టుకుని గుమ్మాల ముందు నిలబడి 'కాస్త నోరు తెరవండమ్మా' అంటున్నారు. ఈ రెండు చరిత్రల్నీ కలపాలని నేను ప్రయత్నించను. బలవంతంగా కలిపితే అతకవు. ఒకే ఊరి గురించి ఏకకాలంలో రెండు రకాల కాగితాలు పోగయ్యాయి, మనం ఒక రకమే చదివాం అని మాత్రం గమనించాను.

ఆ ఫారాల్లో ఏముందో చెప్పాలి, ఎందుకంటే ఈ పత్రం గొప్పతనం అక్కడుంది. అంగిలి మీద తెల్లమచ్చ ఉందా లేదా అని ఒక్క గడి పెట్టి సరిపెట్టలేదు. తెల్లబడి మందమవడం, చిన్న బుడిపెలు, మచ్చలు, ఎర్రబడిన చోట్లు, పుండుపడిన చోట్లు, రంగు పోయిన చోట్లు, ఇలా ఆరు రకాలుగా విడదీశారు. ఏది ఆ వేడికి శరీరం చేసుకున్న సర్దుబాటు, ఏది రేపటి కేన్సర్ అన్నది అప్పటికి తెలియదు. తెలియనప్పుడు తొందరపడి అన్నిటినీ ఒకే పేరు కింద వేసేస్తే తర్వాత విడదీయడం అసాధ్యం. డేటాబేస్‌తో పనిచేసే ఎవరికైనా ఈ బాధ తెలుసు. ముందే కలిపేసిన కాలమ్‌ని పదేళ్ళ తర్వాత ఎవడూ విడగొట్టలేడు. వాళ్ళకి ఆ పదేళ్ళ తర్వాతి పని అవసరమైంది కూడా. అదే జిల్లాలో ఏటేటా వెళ్ళి, ఎవరు బతికున్నారో ఎవరు పోయారో చూసి, అడ్డపొగ తాగేవాళ్ళ మరణాల మీద 1984లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాశారు.

అసలు దోషి ఎవరు, వేడా పొగాకా అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం నలిగింది. కాశ్మీరులో చలికి కంగిడీ అనే నిప్పుల కుండ పొట్ట దగ్గర పెట్టుకుంటారు, అక్కడి చర్మానికి కేన్సర్ వస్తుంది. అక్కడ పొగాకు లేదు, వేడే ఉంది. మామూలు చుట్టలో పొగాకుంది, అంగిలికి ఆ వేడి లేదు. అడ్డపొగలో రెండూ ఉన్నాయి. 1960లో డి. జి. రెడ్డి, డి. బి. రెడ్డి, పి. ఆర్. రావు పొగాకు తారునీ వేడినీ కలిపి ప్రయోగశాలలో కేన్సర్ పుట్టించే ప్రయత్నం గురించి 'కేన్సర్' పత్రికలో రాశారు. 1974లో సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ పత్రికలో అడ్డపొగ, అంగిలి కేన్సర్ల మీద మళ్ళీ రాశారు. ఈ పేర్లన్నీ ఇలా వరసగా చెప్పడానికి కారణం ఉంది. అడ్డపొగ గురించి మాట్లాడేటప్పుడు డేనిష్ ప్రొఫెసర్ పేరు ముందొస్తుంది. ఆయన పని గొప్పదే. కానీ ఆయన వచ్చేనాటికి ప్రశ్న తయారుగా ఉంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఇక్కడివాళ్ళు.

ఇక జన్యువుల సంగతి. 1971లోనే, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పి. మీరా ఖాన్ అనే జన్యుశాస్త్రవేత్త, సెల్యులోజ్ ఎసిటేట్ జెల్ మీద ఎంజైముల్ని విడదీసి మనిషి కణాలవేవో ఎలుక కణాలవేవో గుర్తుపట్టే పద్ధతి గురించి రాశాడు. మనిషి-ఎలుక కణాల్ని కలిపి, ఏ జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉందో వెతికే కాలం అది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1991లో, వాసెన్, మెక్లిన్, లించ్‌లతో పాటు ఆయన పేరు ఇంకో చిన్న వ్యాసం మీద కనిపిస్తుంది. రెండే పేజీలది. కేన్సర్ జన్యుశాస్త్రంలో దాన్ని ఆమ్‌స్టర్‌డామ్ ప్రమాణాలు అంటారు. పెద్దపేగు కేన్సర్ ఒక కుటుంబంలో వంశపారంపర్యంగా వస్తోందని ఎప్పుడు అనుమానించాలి? కనీసం ముగ్గురు బంధువులకి రావాలి, వాళ్ళలో ఒకరు మిగతా ఇద్దరికీ తల్లో తండ్రో తోబుట్టువో బిడ్డో కావాలి, కనీసం రెండు వరస తరాల్లో ఉండాలి, ఒకరికైనా యాభై ఏళ్ళు నిండకముందే బయటపడాలి. ఇంతే. ఈ ముగ్గురు, రెండు, ఒకటి అన్న లెక్క చేతిలో ఉండడం వల్లే, ప్రపంచంలోని వేరువేరు ఆసుపత్రులు తమ కుటుంబాల్ని ఒకదానితో ఒకటి పోల్చుకోగలిగాయి. తర్వాతి రెండు మూడేళ్ళలోనే ఎంఎస్‌హెచ్2, ఎంఎల్‌హెచ్1 జన్యువులు దొరికాయి. ఎవరికి పరీక్ష చెయ్యాలి అన్నదాని మీద 1998లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన పత్రం రచయితల్లోనూ ఆయన ఉన్నాడు.

ఆ రెంటి మధ్య, 1993లో, 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ కేన్సర్'లో ఇంకోటి ఉంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అడ్డపొగ, అంగిలి కేన్సర్. మొదటి పేరు వాన్ డెర్ ఎబ్, తర్వాతి పేర్లలో విశాఖ నుంచి ఎస్. గవరసాన, లైడెన్ ఎపిడెమియాలజిస్టు వాండెన్‌బ్రూక్, పి. మీరా ఖాన్. పెద్దపేగు కేన్సర్ కుటుంబాల వంశవృక్షాలు గీస్తున్న మనిషి పేరు, జన్యువులతో ఏ సంబంధం లేనట్టు కనిపించే అడ్డపొగ పత్రం మీద ఉంది. ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను.

ఎందుకంటే, ఒక ఆట ఆడి చూడండి. ఉత్తరాంధ్రలో ఒక ఇల్లు ఊహించుకోండి. అమ్మమ్మకి అంగిలి కేన్సర్, ఆమె కూతుళ్ళిద్దరికీ అదే, ఒకామెకి నలభై ఎనిమిదేళ్ళకే వచ్చింది. పెద్దపేగుకి రాసిన ప్రమాణాల్ని దీని మీద పెట్టి చూస్తే లెక్క సరిపోతుంది. ముగ్గురు, రెండు తరాలు, ఒకరు యాభైలోపు. వంశవృక్షం మాత్రమే చూసేవాడికి ఇది జన్యుదోషంలాగే కనిపిస్తుంది. నిజానికి అమ్మమ్మ నుంచి కూతుళ్ళకి వచ్చింది డీఎన్ఏలో తప్పు కాకపోవచ్చు. చుట్ట తిప్పి పట్టుకునే పద్ధతి కావచ్చు. అలవాటు కూడా తల్లి నుంచి బిడ్డకే వస్తుంది. జన్యువులు వెతికేవాడు ముందు అలవాటుని పక్కకి తీసి చూడగలగాలి. అలవాటు వెతికేవాడు, ఒకేలా తాగిన పదిమందిలో ఒకరికే ఎందుకొచ్చిందని అడగాలి. ఎపిడెమియాలజీ, జన్యుశాస్త్రం ఒక మనిషి పనిలో కలవడం అంటే నాకు అర్థమైంది ఇదీ.

ఇది మాటల గారడీ కాదు. మన ఇళ్ళల్లో 'వాళ్ళ వంశంలో ఉంది' అన్న మాటకి ఎంత బరువుందో ఆలోచించండి. నేనుండే ఎర్రగడ్డ పేరు చెప్తే హైదరాబాదులో ఎవరికైనా మెంటల్ హాస్పిటలూ, ఛాతీ ఆసుపత్రీ గుర్తొస్తాయి. 'వాళ్ళింట్లో ఒకాయన ఎర్రగడ్డలో ఉన్నాడట' అన్న ఒక్క మాటతో సంబంధం తప్పిపోయిన ఇళ్ళున్నాయి. ఛాతీ ఆసుపత్రి అయితే టీబీ, అది అంటువ్యాధి, వంశానిది కాదు. అయినా వదిలేవాళ్ళు కాదు. కేన్సర్‌కీ అంతే. అమ్మాయి తల్లికి రొమ్ము కేన్సర్ అని తెలిస్తే పెళ్ళిచూపుల దాకా వెళ్ళనివాళ్ళు ఉన్నారు. అందుకని దాస్తారు. దాస్తే, నిజంగా జన్యువు ఉన్న కుటుంబాల్లో కూడా కూతురికి తెలియదు, పరీక్షకి వెళ్ళదు. ఇక్కణ్ణించి మెట్రోలో నాలుగైదు స్టేషన్లు పోతే బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జెనెటిక్స్ సంస్థ ఉంది. వంశవృక్షం గీయడానికి కావాల్సింది కాగితం, పెన్సిలు, నిజం చెప్పే బంధువులు. మొదటి రెండూ చవక.

హైదరాబాదు ప్రస్తావన వచ్చింది కాబట్టి తార్నాక దాకా వెళ్దాం. జాతీయ పోషకాహార సంస్థలో కమలా కృష్ణస్వామి బృందం అడ్డపొగ మీద వేరే కోణంలో పనిచేసింది. తర్వాత ఆ సంస్థకి ఆవిడే డైరెక్టర్ అయ్యారు. అడ్డపొగ తాగే 298 మందిని తీసుకుని, కొందరికి విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం, మిగతావారికి ఉత్త మాత్రలు ఒక ఏడాది ఇచ్చారు. ఎవరికి ఏవి ఇస్తున్నారో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, తీసుకునేవాళ్ళకీ తెలియదు. అంగిలి మీద మచ్చలున్నవాళ్ళలో, పోషకాలు అందినవారికి 57 శాతం మందిలో పూర్తిగా పోయాయి. ఉత్త మాత్రల వాళ్ళలో 8 శాతం. 1995లో వచ్చిన ఫలితాలివి.

అంకెలు చూస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నాకు మాత్రం కాస్త ఇబ్బందిగా ఉంటుంది. సరిగ్గా ఒక ఏడాది ముందు, 1994లో, ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద చేసిన ప్రయోగం ఫలితాలొచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. రెండూ ఒకటి కావు. పోషకాలు వేరు, అవయవం వేరు, తిండి లేని పల్లె మనిషీ ఫిన్లండ్ మనిషీ వేరు. అంగిలి మచ్చ పోవడం వేరు, ఇరవై ఏళ్ళ తర్వాత కేన్సర్ రాకపోవడం వేరు. పేదరికం వల్ల పోషకాలు తక్కువైన నోరు అదే పొగకి ఎక్కువ దెబ్బతింటుందని ఈ పని చూపించింది. అది చాలా పెద్ద విషయం. దాన్నుంచి 'మాత్ర వేసుకుని తాగొచ్చు' అన్న అర్థం మాత్రం రాదు.

మాన్పించడం గురించి చేసిన అసలు ప్రయోగం ముందే జరిగింది. 1986లో 'లాన్సెట్'లో గుప్తా, మెహతా, పిండ్‌బోర్గ్ తదితరులు రాశారు. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36,471 మందిని ఎంచుకుని, ఏటా వెళ్ళి నోరు చూసి, ఒక్కొక్కరితో కూర్చుని మానెయ్యమని చెప్పారు. ఊళ్ళో ప్రచారం కూడా చేశారు. ఐదేళ్ళ తర్వాత మూడిట్లో రెండు ప్రాంతాల్లో జనం గణనీయంగా మానడమో తగ్గించడమో చేశారు. ఆ రెండిట్లో శ్రీకాకుళం ఒకటి. నోట్లో కొత్త మచ్చలు కూడా తగ్గాయి. పోల్చడానికి వాడింది మాత్రం అదే సమయంలోని ఇంకో గుంపు కాదు, అంతకుముందు అవే ప్రాంతాల్లో అదే పద్ధతిలో వెంబడించిన వేరే మనుషుల ఐదేళ్ళ లెక్క. మా వృత్తిలో దీన్ని ఏ/బి టెస్ట్ అంటే ఒప్పుకోరు. కాలంతో పాటు జనమూ మారతారు కదా అంటారు. నిజమే. కానీ ఇంకోలా చేయాలంటే, మచ్చ కనిపించిన మనిషికి ఏమీ చెప్పకుండా ఐదేళ్ళు చూస్తూ ఊరుకోవాలి. వాళ్ళు ఎంచుకున్న లోపం నాకు గౌరవమైన లోపంలా కనిపిస్తుంది.

తర్వాత చట్టాలొచ్చాయి. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద పెట్టెల మీద హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. పొగాకు ఆకు తెచ్చుకుని ఇంట్లో చుట్టుకునే చుట్టకి పెట్టె ఉండదు. సినిమాకి ముందు వచ్చే ప్రకటన కూడా సిగరెట్, గుట్కా గురించే. తిరగేసిన చుట్ట గురించి ఆ ఊళ్ళో ఆమెకి ఎవరైనా చెప్పాలంటే మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళాల్సిందే. వెళ్తున్నవాళ్ళు ఎక్కువగా దంతవైద్యులే. కోస్తా పల్లెల్లో అడ్డపొగ తాగేవాళ్ళ అంగిళ్ళ మీద 2015లో కూడా ఒక పరిశోధనా పత్రం వచ్చింది. ఫొటోలతో సహా. 1971 పత్రంలో పిండ్‌బోర్గ్ బృందం పేర్లు పెట్టి విడదీసిన మార్పులే, తెల్లబడిన చోట్లు, ఎర్రబడిన చోట్లు, రంగు పోయిన చోట్లు, ఈసారి రంగుల్లో కనిపిస్తాయి.